మేఘములో ఎవరి ముఖము?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 4:9–20



వర్షాకాలము వచ్చినది మొదలు మా సంఘములోని పిల్లలకు ఒక క్రొత్త ఆట దొరికినది. ఆదివారపు బడి ముగియగానే చెరువు కట్టమీదికి పోయి, ఇంటినుండి తెచ్చుకొనిన సెల్‌ఫోనులతో మబ్బులకు ఫోటోలు తీయుచున్నారు. తీసిన దానిని ఒకరికొకరు చూపుకొని ఇది ఏనుగు, ఇది ఎద్దుబండి, ఇది పడుకొనిన ఒంటె అని వాదించుకొనుచున్నారు. మొన్న ఒక మబ్బును గూర్చి పెద్ద తగవే వచ్చినది. ఒకడు గొఱ్ఱెపిల్ల యనెను. వాని తమ్ముడు కాదు, మిరపకాయ బజ్జీ యనెను. ఆకలిగా నున్నవానికి ఆకాశము కూడ అంగడివలె కనబడును గాబోలునని మేము నవ్వుకొంటిమి.

మేమును చిన్నతనమందు పశువులను తోలుకొనిపోయి, బీడులో వెల్లకిల పడుకొని ఈ ఆట ఆడినవారమే. ఆ దినములలో మా చేతిలో ఫోను లేదు గనుక చూచిన ఏనుగు చూచుచుండగానే తొండము పోగొట్టుకొని, కొండయై, తరువాత ఏమియు కాకుండ పోయెడిది. ఇప్పుడైతే ఆ ఏనుగు ఫోనులో నిలిచిపోవుచున్నది. నిలిచిపోవుటచేతనే ఒక చిక్కు వచ్చినది. దానిని గూర్చియే ఈ నెల వ్రాయదలచితిమి. అందులో మా తప్పిదము కూడ ఉన్నది.

మొదట మబ్బు అనునది ఏమో చూతము. దగ్గరకు పోయి చూచినయెడల అది మన శీతకాలపు పొగమంచు వంటిదే. ఎండవేళ తేలియాడు తెల్లని దూదిమబ్బు పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క కిలోమీటరు చొప్పున ఉన్నచో అందులోని నీరు సుమారు 500 టన్నులుండునని లెక్కగట్టిరి. 10 టన్నులు మోయు లారీలు 50 కావలెను! అంత బరువు మన తలలమీద ఎట్లు నిలుచుచున్నదనగా, ఆ నీరంతయు మిక్కిలి సన్నని బిందువులుగా చెదరియుండును. క్రిందినుండి లేచు వెచ్చని గాలి వాటిని పడనీయదు. అట్టి బిందువులు సుమారు 10 లక్షలు కూడినగాని ఒక్క వానచినుకు కాదు. యోబు గ్రంథము 37వ అధ్యాయములో, మేఘములు ఎట్లు తూచబడుచున్నవో నీకు తెలియునా అని ఎలీహు అడిగిన ప్రశ్నను మనము ఊరకనే చదివి దాటిపోవుచున్నాము. ఈ లెక్క తెలిసిన తరువాత మాకు అది అడుగదగిన ప్రశ్నయే యని తోచినది.

మబ్బులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు కూడ పోలికలే. లండనులో మందులు తయారుచేయు వృత్తిలో నుండిన లూక్ హోవర్డ్ అను క్వేకరు భక్తుడు 1802లో మేఘములను జాతులుగా విభజించి వాటికి లాటిను భాషలో పేర్లు పెట్టెను. ఒక పేరునకు ముంగురులనియు, ఒకదానికి కుప్ప యనియు, మరియొకదానికి పొర యనియు అర్థము. నేటికిని లోకమంతట వాడుకలో నున్న పేర్లకు మూలము అవియే. మన పెద్దలు దూదిమబ్బు అనిరి. కాబట్టి ఆకాశములో ఇంటి వస్తువులను వెదకుట పామరుల పని యని ఎవరును చిన్నచూపు చూడవలదు.

అన్నిటికంటె మనము త్వరగా పోల్చుకొనునది మనుష్యుని ముఖము. పుట్టి కొద్ది గంటలైన శిశువు సహితము ముఖమును పోలిన గుర్తులవైపు కన్ను త్రిప్పునని పరిశోధించినవారు చెప్పుచున్నారు. రెండు చుక్కలు, క్రింద ఒక గీత చాలును. పెచ్చులూడిన గోడలో, చెట్టు బెరడులో, రొట్టెమీద మాడిన మచ్చలో ఎవరో మనవైపు చూచుచున్నట్లుండును. ఇది రోగము కాదు, మూఢత్వమును కాదు. ఒకరికొకరు తోడుగా నుండుటకై చేయబడినవారికి తోడును గుర్తుపట్టు కన్ను ఇయ్యబడెనని మా తలంపు. అయితే ఆ కన్ను ఒక్కొక్కప్పుడు లేనివారిని కూడ గుర్తుపట్టును. 1976లో అమెరికావారి వైకింగ్ 1 అను నౌక అంగారక గ్రహమునకు ఫోటోలు తీయగా ఒకదానిలో మనుష్యుని ముఖము వంటిది కనబడెను. అది వెలుగు నీడల వలన కలిగిన పోలిక యని ఆ పనిలోనున్న శాస్త్రజ్ఞులు అప్పుడే చెప్పిరి. అయినను ఎవరో దానిని చెక్కియుందురని నమ్మినవారు అనేకులు. దానిమీద పుస్తకములు కూడ వచ్చెను. 1998లోను 2001లోను మరియొక నౌక స్పష్టమైన ఫోటోలు తీయగా అది వట్టి గుట్ట యని తేలెను. మొదటి కెమెరా అబద్ధమాడలేదు. సూర్యుడు క్రిందుగా నుండి ఒక ప్రక్క నీడ పడినప్పుడు ఆ గుట్ట అట్లే యుండెను. దానిని ముఖమనినది కెమెరా కాదు.

ఇక మా సంగతి.

గత ఆగస్టు నెలలో జరిగినది. మా సంఘములో ఒక వృద్ధ సహోదరి యున్నది. ఆమె భర్త కూలిపని చేసికొని బ్రదికిన భక్తిపరుడు; మేము ఈ సంఘమునకు వచ్చిన కొద్ది నెలలకే ప్రభువునందు నిద్రించెను. ఆయనకు ఫోటో లేదు. ఓటరు కార్డుమీది బొమ్మ మాసి, నలిగి, ఎవరిదో చెప్పుటకు వీలు లేకయున్నది. ఒక సాయంకాలము ఆమె మనుమడు పొలము గట్టుమీదనుండి పడమటి మబ్బును ఫోటో తీసి యింటికి తెచ్చి చూపగా, ఆమె ఫోనును రెండు చేతుల పట్టుకొని, ఇది మీ తాతే యని ఏడ్చెనట. తలపాగా ఉన్నదట, గడ్డము క్రింది నొక్కు కూడ ఉన్నదట. మరునాడు మేము గృహ దర్శనమునకు పోగా ఆమె ఆ ఫోటోను మాకు చూపి, “అయ్యగారూ, మీకు కనబడుతున్నాడా?” అని అడిగెను.

మాకు బోర్లించిన గంప వంటిది కనబడెను. అయినను “అవునమ్మా, కనబడుతున్నాడు” అని చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి.

ఆ ఒక్క అవును తరువాత ఎంత దూరము పోయెనో వినుడి. వచ్చిన ఆదివారము సాక్ష్యముల వేళ ఆమె లేచి, తన భర్త పరలోకమునుండి తనను చూచుచున్నాడనియు, అయ్యగారు కూడ కన్నులార చూచిరనియు చెప్పెను. సంఘమంతయు స్తోత్రము చెప్పెను. మేము బల్లయొద్ద నిలిచి ఊరకుంటిమి. తరువాతి వారములలో ఒకరు సిలువ గల మబ్బును, ఒకరు రెక్కలు గల దూతను, ఒకరు చేతులు చాపిన ప్రభువును ఫోనులలో తెచ్చి చూపిరి. వాటిలో కొన్ని మన ఆకాశమున తీసినవే కావు. ఎక్కడనుండియో వాట్సాప్‌లో వచ్చినవి. లేని మబ్బును సహితము కంప్యూటరుచేత పుట్టించుట నేడు పిల్లల పని యైనదని మేమెరుగుదుము; అయినను నోరు తెరవలేదు. ఎట్లు తెరువగలము? మొదటి సాక్షులము మేమే గదా! యౌవనస్థులు కొందరు ప్రభువు బొమ్మ గల ఫోటోను ఫ్లెక్సీగా వేయించి గుడి గోడకు కట్టుదమని చందా కూడ మొదలుపెట్టిరి.

ఇదంతయు వర్షాకాలపు సందడి, వానలతోనే పోవునని మేము దాటవేయుచుండగా, ఒక రాత్రి మరియొక తల్లి మా యింటికి వచ్చెను. ఆమె కుమారుడు పట్టణములో కట్టడపు పనికి పోయి, పైనుండి పడి చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. వాడు బాప్తిస్మము పొందియుండలేదు. ఆమె లోపలికి రమ్మన్నను రాక గడపలోనే కూర్చుండి, “నెల రోజులనుంచి రోజూ మబ్బులు చూస్తున్నానయ్యగారూ. మా వాడు ఒక్కసారి కూడా కనబడలేదు. ఆమె మొగుడు కనబడ్డాడు, మీరే చూశారు. నా బిడ్డ అక్కడికి పోలేదా?” అని అడిగెను. మేము తోచిన వాక్యమేదో చెప్పితిమి. ఆమె వినినట్లు లేదు. కొంతసేపు కూర్చుండి లేచి పోయెను.

దుఃఖములో నున్నవారిని ఆదరించుటకు చెప్పిన చిన్న మాట, అది నిజము కాకపోయినను, పాపమగునా? ఆ రాత్రి మాకు నిద్ర లేకుండ చేసినది ఈ ప్రశ్నయే. నిర్గమకాండము మొదటి అధ్యాయములో హెబ్రీ మంత్రసానులు ఫరోకు చెప్పిన మాటను ఎత్తి, కనికరముతో ఆడిన బొంకు దోషము కాదని వాదించువారు కలరు. వారి వాదము కొట్టివేయదగినది కాదు. అయితే ఆ స్త్రీలు తమ ప్రాణములకు తెగించి పసిబిడ్డల ప్రాణములు కాపాడిరి. మేము ఎవరి ప్రాణము కాపాడితిమి? ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెనంటే, ఆనాడు మాకు ఇంకను రెండు ఇండ్లు దర్శింపవలసి యుండెను, వాన వచ్చునట్లుండెను. నాకు కనబడుట లేదమ్మా యని చెప్పినయెడల అక్కడ కూర్చుండవలసి వచ్చును. కనబడుచున్నాడంటే లేచి పోవచ్చును. మేము జాలి యనుకొనిన దానిలో సగము తొందరయే.

షేక్స్పియరు కవి వ్రాసిన హామ్లెట్ నాటకములో రాకుమారుడు ఒక మబ్బును చూపి ఒంటె యనగా ముసలి మంత్రి ఒంటె యనును. ముంగిస వంటి జంతువనగా అదియు నిజమే యనును. తిమింగిలమనగా దానికిని తల ఊపును. కళాశాలలో చదువుకొనునాడు ఆ మంత్రిని చూచి మేమెంతో నవ్వితిమి.

ఆ వృద్ధ సహోదరిని మేము తప్పుపట్టము. సంఘ పత్రికలో కాళిదాసు ఏల యని పెద్దలు కోపగింపవద్దు గాని, మేఘసందేశమున భార్యను ఎడబాసిన యక్షుడు మబ్బుచేత కబురు పంపును. మబ్బు కబురు మోయదని ఆ కవికి తెలియక కాదు. ఎడబాటుతో నలిగినవాడు ప్రాణము గలదానికిని లేనిదానికిని భేదము పాటింపడని ఎరిగియే వ్రాసెను. దుఃఖించువారికి ఆ సెలవు ఉన్నది. ప్రక్కన నిలిచి, చూచితినని చెప్పువానికి లేదు.

మేఘములను చదువుటయే తప్పని మేము చెప్పుట లేదు. పడమట మబ్బు పైకి వచ్చిన వాన వచ్చునని జనులు చెప్పుకొనుటను, అట్లే జరుగుటను ప్రభువే లూకా 12వ అధ్యాయములో ఎత్తి మాటలాడెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది మన కోస్తావారు మరువలేదు. నేడు ఇన్సాట్ ఉపగ్రహములు పైనుండి మేఘములకు ఫోటోలు తీయగా, వాతావరణ శాఖవారు వాటిని చూచి తుఫాను కన్ను ఎక్కడనున్నదో, ఎటు కదలుచున్నదో చెప్పుచున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకకముందే అది వచ్చుచున్నదని తెలిసి వేలకొలది జనులను తీరమునుండి తరలించిరి. ఆ చదువును రేపు పరీక్షించును. తుఫాను వచ్చును, లేదా రాదు. మేము ఆ ఫోనులో చదివితిమని చెప్పిన దానిని ఏ రేపును పరీక్షింపదు. అందుచేతనే ఆ మాట చెప్పుట అంత సులభమాయెను.

యెహెజ్కేలు మొదటి అధ్యాయము తెరచి చూడుడి. ఉత్తర దిక్కునుండి వచ్చిన గొప్ప మేఘములో ప్రవక్త సింహాసనమును, దానిపైన ఒక స్వరూపమును చూచెను. కాని ఎంత భయముతో పలుకునో గమనించుడి. పోలినది, వంటిది, వలె కనబడినది అని మాటమాటకును ఒక అడ్డుకట్ట వేసికొనుచు పోవును. దర్శనము పొందినవాడే వలె అను మాటను విడువలేదు. వాట్సాప్ పొందిన మనము ఎంత సులువుగా విడిచితిమి! చెరువు కట్టమీది మా పిల్లలు దానిని విడుచుట లేదు. గొఱ్ఱెపిల్ల యని ఒకడు ఎంత గట్టిగా వాదించినను దానికి గడ్డి కోసికొని పోడు. పెద్దలమైన మా నోటనే ఆ మాట జారిపోయినది.

ఏలీయా సేవకుడు ఏడవసారి పోయి చూచి, సముద్రమునుండి లేచిన మేఘము మనుష్యుని చెయ్యి యంత యున్నదని చెప్పెను. అది కొలత. ఎంత చిన్నదో చెప్పుటకే చేయి అనెను. దానిని దేవుని హస్తమే యని ఉజ్జీవ కూటములలో ప్రసంగించినవారిలో మేమును ఒకరము. ఇకమీదట మానుకొందుము.

మన ధ్యాన భాగములో మోషే జనులకు జ్ఞాపకము చేయు సంగతి ఇంకను గట్టిది. హోరేబు కొండ మండుచు, నల్లని మేఘము క్రమ్మియున్న ఆ దినమున వారికి ఒక స్వరము వినబడెను గాని ఏ రూపమును కనబడలేదు. అంత మేఘము కన్నుల ఎదుట నుండగా దానిలో ఒక ముఖము చూపుట దేవునికి కష్టమా? చూపలేదు. అదే కొండ క్రింద, 40 దినములు ఓర్వలేక, వారు తమకు నచ్చిన ఆకారమును పోతపోసికొనిరి. మేఘమునందు రూపము దొరకనివారికి దూడ దొరికెను. గుడి గోడకు కట్టదలచిన ఫ్లెక్సీ మా మనస్సులో మెదలినది ఇక్కడనే.

మరునాడు ఉదయమే ఆ వృద్ధ సహోదరి యింటికి పోతిమి. ఈసారి మోటారు సైకిలును వాకిట ఆపుచేసి లోపల కూర్చుంటిమి. “అమ్మా, ఆ దినము నాకు మీ ఆయన కనబడలేదు. కనబడ్డాడని అబద్ధం చెప్పాను” అంటిమి. ఆమె బియ్యము ఏరుచుండెను. చేట ప్రక్కన పెట్టి, “నాకు తెలుసయ్యగారూ. మీరు ఫోను వంక సరిగ్గా చూడనన్నా లేదు, తల ఊపారు. నాకు కనబడ్డాడు, అది చాల్లే అనుకున్నాను. నేనొక్కదాన్నే చెబితే ముసల్దానికి మతి పోయిందంటారని గుళ్ళో మీ పేరు కూడా చెప్పాను” అనెను.

మేము వచ్చే ఆదివారము ఈ సంగతి సంఘము ఎదుట ఒప్పుకొనవలసి యున్నదని చెప్పగా, చెప్పుకోండి యనెను. తరువాత మేము ఆమె భర్తను గూర్చి అడిగితిమి. ఇంతకుమునుపు ఎన్నడును అడిగియుండలేదు. తలపాగా ఎప్పుడును ఎడమ ప్రక్కకు ఒరిగియుండెడిదట. చీకటివేళ పొలమునుండి వచ్చునప్పుడు పురుగు పుట్ర ఉండునని కఱ్ఱతో గట్టుమీది గడ్డి తట్టుచు ముందు నడిచెడివాడట. గుడిలో కీర్తన ఎత్తితే రాగము తప్పేదట. పిల్లలు నవ్వినను మానెడివాడు కాడట. ఒక గంటసేపు చెప్పెను. అది ముగియునప్పటికి మాకు ఆయన కొంత కనబడెను.

ఆ రెండవ తల్లి మా గడపలో అడిగిన ప్రశ్నను కూడ ఆమెకు చెప్పితిమి. ఆమె ముఖము మారెను. “ఆ పిల్లాడు ఎట్లాంటివాడని ఆమెనెవరన్నా అడిగారా?” అనెను. లేదని చెప్పితిమి. ఆమె చెంగు భుజముమీద వేసికొని బయలుదేరెను. మేమును వెంట పోతిమి.

అక్కడ మొదట మేము, ఆ మబ్బులో మాకేమియు కనబడలేదనియు, కనబడెనని చెప్పుట మా అబద్ధమనియు ఒప్పుకొంటిమి. ఆ తల్లి చాలసేపు పలుకలేదు. “అయితే మా వాడు కనబడకపోవడం ఏమీ కాదన్నమాట” అనెను.

“ఏమీ కాదమ్మా. వాడు దేవుని చేతిలో ఉన్నాడు, మబ్బుల చేతిలో లేడు” అంటిమి.

వృద్ధ సహోదరి ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండి, “నీ కొడుకు చిన్నప్పుడు అన్నం ఎట్లా తినేవాడే?” అని అడిగెను. ఆ తల్లి ఆమె వంక చూచి, వాడు పెరుగు లేనిదే ముద్ద ముట్టడని మొదలుపెట్టెను. బడి సంగతి వచ్చెను, వాడు చెరువులో మునుగబోయిన సంగతి వచ్చెను, మొదటి కూలి డబ్బుతో తల్లికి కొనిన చీర రంగు వచ్చెను. ఇంతలో వాన పట్టుకొనెను. మేము మా స్థలమును గోడవైపునకు జరుపుకొంటిమి. ఆమె చెప్పుచునే యుండెను.